గాజు తలుపులు వద్దన్నాను

గ్యాసు కనెక్షను కోసం పేరు రాయించి, ఆ సంగతి నేను మరిచిపోయాక అది వచ్చింది. ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో గ్యాసు పొయ్యి ఉన్న ఇళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. సిలిండరు తెచ్చిన మనిషి మా వంటింటి గుమ్మంలో నిలబడి లోపలికి ఒక చూపు చూశాడు.

"పొయ్యి నేలమీద బిగించకూడదండి టీచరుగారు. సిలిండరు కన్నా ఎత్తున ఉండాల. గట్టు కట్టించీసి కబురెట్టండి, వచ్చి బిగించీస్తాను" అన్నాడు. సిలిండరును మూలన పెట్టి, రెగ్యులేటరు మాత్రం తన సంచిలోనే వేసుకుని వెళ్ళిపోయాడు. ఎర్రగా, కొత్తగా ఉన్న ఆ సిలిండరు చాలా రోజులు పెళ్ళివారింటికి ముందే వచ్చేసిన చుట్టంలా అక్కడే కూర్చుంది.

మా వంటిల్లంటే నేలమీద పొయ్యి, గోడలో రెండు గూళ్ళు, పైన ఒక బల్లచెక్క. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ దాన్ని అంతకన్నా మార్చాలని ఎవరికీ తోచలేదు. విచిత్రమేమిటంటే అమ్మ జీవితమంతా మంచి వంటింట్లోనే గడిపింది. మిషను బంగళాలో దొరసానులకు వంట చేసేది. అక్కడ గోడ పొడుగునా చెక్క అలమర, దానికి తలుపులు, సొరుగులు, ఉప్పుకొక అర, పిండికొక అర. సాయంత్రం ఇంటికొచ్చి నేలమీద గొంతుక్కూర్చుని మాకు చారు కాచేది. ఆ అలమర గురించి ఆవిడ చెబుతుంటే నేను విసుక్కునేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు, ఆవిడకు నేను తప్ప ఎవరూ లేరు, ఇద్దరం ఆ ఇంట్లో ఒకరిమీద ఒకరం విసుక్కుంటూనే బతికాం. ఆవిడ పోయి అప్పటికి ఏడాది దాటింది. విసుక్కోవడానికి ఎవరూ లేకపోతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు.

గట్టు ఎలాగూ కట్టించాలి కదా, కింద అలమరలు కూడా పెట్టించేద్దాం అనుకున్నాను. బళ్ళో మా స్టాఫ్ రూములో ఒక చీటీ నడిచేది. అందులో అందరి డబ్బుకీ ఒక పేరుండేది. ఒకరిది కొడుకు చదువు, ఒకరిది పెంకుల మరమ్మతు, ఒకరిది ఆడపడుచు పురుడు. నా చీటీకి పేరు లేదు. "మీకేమండీ, ఒక్కరే" అని వాళ్ళు నవ్వితే నేనూ నవ్వేసేదాన్ని. ఆ యేడు చీటీ పాడుకుని, మొదటిసారి దానికి ఒక పేరు పెట్టాను. "వంటింటి అలమరలు" అని స్టాఫ్ రూములో గట్టిగానే చెప్పాను.

డబ్బు మూడువేలు. గట్టుకి, దానిమీద పరిచే నల్లరాయికి, తాపీవాళ్ళకి కొంత పోగా మిగిలింది కర్రకి. టేకు అయితే గట్టు కింద భాగానికి మాత్రమే వస్తుంది. మామిడి అయితే కిందా పైనా రెండూ చేయించుకోవచ్చు గాని పురుగు పడుతుందంటారు. వేప చేదు కాబట్టి పురుగు ముట్టదు గాని వంకర తిరుగుతుందంటారు. ఈ లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే నాకు భలే హుషారుగా ఉండేది. సాంఘికశాస్త్రం చెప్పే నాకు పంచవర్ష ప్రణాళికలు కూడా అంత శ్రద్ధగా తలకెక్కలేదు.

వడ్రంగి ఏటికొప్పాక వైపు మనిషి. వాళ్ళవాళ్ళందరూ లక్కబొమ్మలు చేస్తారట. "నాకు అంత ఓపిక లేదండి, పెద్ద కర్రైతేనే సెయ్యాడుద్ది" అనేవాడు. వచ్చి వంటిల్లంతా టేపుతో కొలిచి, టేపు చుట్టి జేబులో వేసుకుని అడిగాడు.

"ఎలాగుండాలో సెప్పండమ్మా."

"నాకేం తెలుసయ్యా? నువ్వు బొమ్మ గీసి చూపించు."

"బొమ్మలేటండి?" అన్నాడు, నేనేదో తప్పు మాట అన్నట్టు. "ఊళ్ళో నాలుగిళ్ళకెళ్ళి సూసి రండి. సూసి, పలానోరి ఇంట్లోలాగ అనండి. నాను సేసీస్తాను."

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ వడ్రంగి పనైనా అలాగే. షాపులూ లేవు, పుస్తకాలూ లేవు. ఫలానావారి ఇంట్లోలాగ అంటే అదే బొమ్మ, అదే కొలత, అదే మాట ఖాయం. కాబట్టి అలమరలు కావాలంటే ముందు పదిమంది వంటిళ్ళలోకి వెళ్ళాలి. ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్నాను. సగం ఊరి ఆడపిల్లలకు పాఠం చెప్పాను. ఎవరింటికెళ్ళినా ముందుగది కుర్చీ దాటి లోపలికి వెళ్ళి ఎరగను. పని చూసుకుని లేచి వచ్చేసేదాన్ని. ఇంకా లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ ఆశించలేదు.

మొదట లెక్కల టీచరు ఇంటికి వెళ్ళాను. బళ్ళో నా పక్క కుర్చీ ఆవిడదే. గ్యాసు అని, అలమర అని చెప్పగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయింది. ఇంత సులువా అనుకున్నాను. గట్టుకి పైన గోడంతా అలమర, దానికి గాజు తలుపులు. లోపల స్టీలు గిన్నెలు, బిందెలు, టిఫిను క్యారేజీలు వరసగా. ప్రతిదానిమీదా చుక్కల అక్షరాలతో పేర్లు. ఇది మా పెద్దన్నయ్య పెట్టింది, ఇది మా మేనత్త, ఇది పురిటికి, ఇది గృహప్రవేశానికి అని ఆవిడ తలుపులు తెరవకుండానే గాజులోంచి వేలితో చూపిస్తూ చెప్పింది. ఒక గంటసేపు చెప్పింది. అంతసేపూ నేను పొయ్యి పక్కన పీటమీద కూర్చుని ఆవిడ వేయించిన వడియాలు తిన్నాను.

ఆవిడ అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. నావైపు తల తిప్పకుండానే అడిగింది.

"ఒక్క మనిసికి అన్ని అరలేటికమ్మా?"

"అత్తయ్యా" అని కోడలు కసిరింది. నాకు ముఖం వేడెక్కింది. ముసలివాళ్ళ నోటికి తాళం ఉండదు, సరే. కాని ఆ ప్రశ్న నేనే నన్ను అడుక్కోకుండా తప్పించుకు తిరుగుతున్నదని ఆవిడకెలా తెలుసు? "పుస్తకాలు కూడా పెట్టుకోవాలండీ" అన్నాను. ఆవిడ ఇంకో వంకాయ అందుకుంది.

తర్వాత పాస్టరమ్మగారి ఇల్లు. అక్కడి అలమర మిషను కాలంనాటిది, తీగ జాలీ తలుపులది. చీమలెక్కకుండా దాని నాలుగు కాళ్ళకిందా నీళ్ళు పోసిన పళ్ళేలు ఉండేవి. ఆదివారం ఆరాధన అయ్యాక చూద్దామని వెళితే ఆవిడ భోజనం చేస్తేగాని పంపలేదు. ఇంట్లో చెల్లెలికి వడ్డించినట్టు, అడగకుండా చారు పోసింది. "ఇలాంటిది చేయించుకోండి, గాలి ఆడుతుంది, కూరలు పాసిపోవు" అంది. బాగుందండీ, ఆలోచిస్తాను అన్నాను.

రోలుగుంట రోడ్డులో జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్ళింట్లో కొత్తరకం సొరుగులు చేయించారని విని అక్కడికీ వెళ్ళాను. వాళ్ళమ్మాయి నా క్లాసే. ఆ ఇల్లాలు ఎంతో మర్యాదగా మాట్లాడింది. నన్ను వరండాలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి, గరిటెలతో సహా సొరుగు ఊడదీసి, రెండు చేతులతో మోసుకొచ్చి నా ముందు పెట్టింది. "సూడండి టీచరుగారు, ఎంత నున్నగా లాగొచ్చో" అంది. వాళ్ళ వంటింట్లోకి మాలాంటివాళ్ళు వెళ్ళకూడదని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. వరండాలో కూర్చుని సొరుగుని నిమిరి, బాగుందండీ అన్నాను. ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు నేనే తొట్టి దగ్గర కడిగి బోర్లించి వచ్చాను. దారిపొడుగునా ఒళ్ళు మండిపోయింది.

అయినా తిరగడం మానలేదు. ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. నాలుగిళ్ళు చూడమన్నాడు వడ్రంగి, నేను పధ్నాలుగో పదిహేనో చూశాను. ఏ ఆదివారం మధ్యాహ్నమూ నేను ఇంట్లో లేను. పోస్టుమాస్టరుగారింట్లో ఆవకాయ జాడీలకు ప్రత్యేకం అర ఉందట అంటే అటు, కాంపౌండరుగారు పైన అటకకు తలుపులు పెట్టించారట అంటే ఇటు. ఎక్కడికి వెళ్ళినా ఆడవాళ్ళు వంటింట్లో కూర్చోబెట్టి, అలమరతో మొదలెట్టి ఆడపడుచుల దగ్గరికి వచ్చేసేవాళ్ళు. ముందుగదిలో నాతో "టీచరుగారూ, మా పిల్ల ఎలా చదువుతోందండీ" అని తప్ప మాట్లాడనివాళ్ళు వంటింట్లో గొంతు తగ్గించి మొగుళ్ళ సంగతులు చెప్పేవాళ్ళు. కృష్ణదేవిపేటలో ఒకాయన ఇంట్లో మూల అలమర ఉందని వింటే బస్సెక్కి అక్కడిదాకా పోయాను. తీరా చూస్తే అది బట్టలు తగిలించుకునే స్టాండు. ఆ ఇల్లాలు నా ముఖం చూసి పగలబడి నవ్వి, ఉప్మా చేసి పెట్టి, బస్సు వచ్చేదాకా నాతో రోడ్డుమీద నిలబడింది. ఆ సాయంత్రం బస్సులో నాకు తెలిసింది, నాకు అలమర నచ్చకపోవడం కాదు, ఒకటి నచ్చిందని చెప్పేస్తే మళ్ళీ ఎవరింటికీ వెళ్ళడానికి సాకు ఉండదని నా భయం.

వడ్రంగి రెండుసార్లు గేటు దగ్గర నిలబడి అడిగి వెళ్ళాడు. మూడోసారి లోపలికి వచ్చేశాడు.

"ఏటండి అమ్మగారు, ఊళ్ళో అలమరలన్నీ అయిపోనాయి, ఇంక కొత్తగా ఎవులో ఒకలు సేయించాల మీరు సూడ్డానికి. టేకు రేటు పెరిగిపోనాది తెలుసా?"

అలా టేకు నా చెయ్యి దాటిపోయింది. గట్టు కింద భాగానికి వేప, పైన మామిడి అని తేల్చుకున్నాను. ఇక మిగిలింది పైఅలమర తలుపులు. ఆ సాయంత్రం లెక్కల టీచరు కూడా వచ్చింది సలహా చెప్పడానికి.

"గాజు పెట్టించండి, మా ఇంట్లోలాగ. గదికి వెలుగొస్తుంది" అంది.

"అందరూ గాజేనండి ఇప్పుడు" అన్నాడు వడ్రంగి.

"గాజు వద్దు."

"ఎందుకండీ?"

"దుమ్ము పడుతుంది."

"గాజుకి దుమ్మేటండి? గుడ్డెట్టి తుడిసీస్తే పోద్ది."

"పగులుతుంది."

"పిల్లలున్న ఇంట్లోనే పగల్లేదండి" అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"డబ్బు చాలదయ్యా. చెక్కే పెట్టు" అన్నాను కటువుగా. నిజానికి గాజుకీ చెక్కకీ అంత తేడా లేదు. లెక్కల టీచరుకు ఆ లెక్క తెలుసు.

గాజు తలుపు వెనక పెట్టడానికి నా దగ్గర ఏముందని? మా ఊళ్ళో ఆడదానికి గిన్నెలు పెళ్ళితో వస్తాయి. పెళ్ళికి సగం, పురుళ్ళకి పావు, మిగతావి అన్నదమ్ముల గృహప్రవేశాలకి. పేర్లు చెక్కించి మరీ ఇస్తారు. నా పేరుమీద ఎవరూ ఒక గరిటె కూడా చెక్కించలేదు. ఉన్నవి అమ్మ వాడిన సత్తుగిన్నెలు, రెండు ఇత్తడి చెంబులు, నేను కొనుక్కున్న ఒక ప్రెషరు కుక్కరు. వాటిని గాజులోంచి ఊరికి చూపించే ధైర్యం నాకు లేకపోయింది. చెక్క తలుపు వేస్తే లోపల ఏముందో, ఏం లేదో ఎవరికీ అక్కర్లేదు. నా బడ్జెట్టంతటిలోనూ నేను క్షణం ఆలోచించకుండా తేల్చుకున్నది అదొక్కటే.

పని పదిరోజుల పైనే సాగింది. వడ్రంగి మా వరండాలోనే పనిచేసేవాడు. నేను బడి వదలగానే బేగి బేగి ఇంటికి వచ్చేసేదాన్ని. వీధి మలుపులోంచే చిత్రిక చప్పుడు వినపడేది. ఇంట్లో ఎవరో ఉన్న చప్పుడు అది. అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు, నేనూ అంతే. అయినా ఇద్దరికి టీ కాయడం, ఇదిగో అని పిలిచి ఇవ్వడం బాగుండేది. వరండా అంతా చుట్టలు చుట్టలుగా వేపచెక్క పొట్టు, చేదు వాసన. ఆఖరిరోజు బందులకు నూనె వేసి, తలుపులన్నీ ఒకసారి తెరిచి మూసి, డబ్బు తీసుకుని, "ఎలాగుందండి?" అని అడిగాడు. చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుంది. అతను వెళ్ళాక పొట్టు ఊడ్చేశాను. ఊడుస్తుంటే ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు కదా అని ఏడ్చేశాను కూడా.

సామాను సర్దితే ఒకటిన్నర అరలు నిండాయి. మిగతావాటిలో యూనిటు పరీక్షల కాయితాల కట్టలు, పాత అట్లాసులు, సుద్దముక్కల డబ్బాలు పెట్టాను. గ్యాసు మనిషి వచ్చి పొయ్యి బిగించి వెళ్ళాడు. నీలంగా వెలిగింది. ఎంత తొందరగా వంటయిపోయేదంటే, ఆరున్నరకల్లా తినేసి గిన్నె కడిగి బోర్లించేసేదాన్ని. ఆ తర్వాత పొద్దు ఎలా గడపాలో తెలిసేది కాదు. కట్టెలపొయ్యైతే ఊదుకుంటూనైనా కూర్చునేదాన్ని.

నేను భయపడ్డట్టే అయింది. "అలమర బాగా కుదిరిందా?" అని బళ్ళో అడిగారు. కుదిరింది అన్నాను. అక్కడితో ఆ మాట అయిపోయింది. ఆదివారం చర్చి మెట్లమీద పాస్టరమ్మగారు నవ్వి పలకరించి ఇంటికి వెళ్ళిపోయేది, నేను మా ఇంటికి వచ్చేసేదాన్ని. ఇంకోసారి భోజనానికి రమ్మనడానికి ఆవిడకు మాత్రం కారణమేముంది? ఎవరిమీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకుండా పోయింది. కోపం ఉంటే కొంచెం కాలక్షేపమైనా అయ్యేది.

కాని మరొకటి మొదలైంది. వడ్రంగి ఇప్పుడు అందరికీ నా ఇల్లు చెప్పసాగాడు. గ్యాసు వచ్చినవాళ్ళంతా, "టీచరమ్మగారింట్లో సూడమన్నాడండి" అంటూ మొగుడూ పెళ్ళాలు జంటగా వచ్చేవాళ్ళు. నేను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపులు తెరిచి చూపించేదాన్ని. ఇది వేప, ఇది మామిడి, బందులు విశాఖపట్నంనుంచి తెప్పించినవి. వాళ్ళు చెక్కమీద వేలితో కొట్టి చూసేవాళ్ళు, జానలతో కొలుచుకునేవాళ్ళు, "ఇందులో కాయితాలున్నాయేటండీ?" అని నవ్వేవాళ్ళు. చూసే పని అయిపోగానే వెళ్ళిపోయేవాళ్ళు. కూర్చోమంటే, "ఇంకో ఇల్లు సూడాలండి" అనేవాళ్ళు. నేను ఒకప్పుడు వంటిళ్ళకు వెళ్ళి కదలకుండా కూర్చునేదాన్ని, వీళ్ళు నా వంటింటికి వచ్చి కూర్చోవడం లేదు. దాచుకుందామని చెక్క తలుపులు పెట్టించుకుని, వారానికి ముగ్గురికి నా చేత్తో నేనే తెరిచి చూపిస్తున్నాను. నామీద నాకే నవ్వొచ్చేది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక శనివారం ఒంటిపూట బడి. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే లెక్కల టీచరు అత్తగారు గేటు తోసుకుని లోపలికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, కొంగు తలమీద వేసుకుంది. ఆవిడ ఎన్నడూ మా గడప తొక్కలేదు. కూతురికి గ్యాసు వచ్చిందేమో, చూసి రమ్మన్నారు కాబోలు అనుకున్నాను. కుశలం కూడా అడగకుండా, "రండి, లోపలుంది" అని వంటింట్లోకి తీసుకుపోయాను. ఏదో ఒకటి అనేసే మనిషి కాబట్టి ఈసారి ఆవిడ అనకముందే నేనే చూపించేద్దామని కింద తలుపులు, పై తలుపులు అన్నీ బార్లా తెరిచేశాను. వేప సంగతి, మామిడి సంగతి, వానాకాలంలో ఉబ్బే సంగతి, అన్నీ చెప్పాను. కాయితాలున్న అరలు కూడా దాచలేదు.

ఆవిడ గట్టుకి వీపు ఆనించి నేలమీద కూర్చుని, పాఠం వినే పిల్లలాగ చివరిదాకా విన్నది.

"అయిపోనాదా అమ్మా?" అంది.

"అయిపోయిందండీ. ఎవరింట్లో చేయిస్తున్నారు? మీ అమ్మాయిగారింట్లోనా?"

"ఎవులూ సేయించటం లేదు. నాను ఊరికే వచ్చేను."

నాకు వెంటనే అర్థం కాలేదు. అలాగే తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"పొద్దున్నే తలుపులేసీసుకుని అందరూ ఎలిపోతారు" అంది ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంటూ. "మా కోడలు బడికి, నా కొడుకు ఆఫీసుకి, పిల్లలు కాలేజీకి. వచ్చినా ఎవులి పని ఆలదే. ఆ గాజు తలుపులెదురుగా కూకుని గిన్నెల్ని ఎంతసేపని సూస్తాను? నువ్వు కూడా ఒక్కదానివే ఉంటావు గదా అని వచ్చీసేను. రాకూడదేటి?"

ఊరికే వచ్చిన మనిషిని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. మా ఇంటికి వచ్చే ప్రతివాళ్ళకీ ఒక పని ఉండేది. నేను కూడా పని కల్పించుకోకుండా ఎవరి గడపా తొక్కలేదు. తొక్కితే ఎందుకొచ్చావని అడుగుతారనుకున్నాను. రెండువీధుల అవతల, నిండుగా ఉన్న ఇంట్లో, ఈవిడ కూడా ఎవరింటికైనా వెళ్ళాలని, ఎలా వెళ్ళాలో తెలియక కూర్చుందన్న ఊహే నాకు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అటు తిరిగి ఒక్కొక్క తలుపే మూయడం మొదలెట్టాను.

"పాలు లేవండీ" అన్నాను. "ఒక్కదాన్నే కదా, పొద్దున్నే అయిపోతాయి. చిటికెలో తెచ్చేస్తాను."

"నాను పాలకి రాలేదు గానీ, ఇలాగ కూకో."

తలుపు అలాగే వదిలేసి ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను.